ఊపిరిని ఒక నిమిషం లెక్కపెట్టండి: వైద్యులకు, ఆసుపత్రి నిర్వాహకులకు ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, ఆసుపత్రులను నడిపే పెద్దలకు,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు జనరల్ వార్డులో, ఆ తర్వాతంతా ఐసీయూలో. ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఒకే ఒక అంకె.

ఒక రాత్రి పదకొండు కావస్తుండగా వార్డు నుంచి ఒక పెద్దాయనను మా ఐసీయూకు తెచ్చారు. బీపీ పడిపోయింది, చేతులు చల్లబడ్డాయి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారు. డాక్టరుగారు మందులు చెబుతుంటే నేను ఆయన పక్కన నిలబడి, వాచీ చూసుకుంటూ, ఛాతీ లేచి పడడాన్ని నిమిషం పాటు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. కాస్త ఊపిరి సలిపాక, ఆయనతో పాటు వచ్చిన వార్డు చార్టు తెరిచాను. ఉదయం ఆరింటికి శ్వాస 20. పదింటికి 20. మధ్యాహ్నం రెండింటికి 20. సాయంత్రం ఆరింటికి 20. రాత్రి పదింటికి, అంటే నేను లెక్కపెట్టడానికి గంట ముందు కూడా 20. నిద్రలో ఉన్నా, మెలకువలో ఉన్నా, జ్వరం 102కు ఎక్కినా ఆ గడిలో అంకె కదల్లేదు. పక్క గడిలో పల్స్ మాత్రం 88 నుంచి 124 దాకా పోయింది. పల్స్‌ను మిషను చూపిస్తుంది కాబట్టి అది రాయక తప్పదు. ఊపిరిని మనిషి లెక్కపెట్టాలి.

తలుపు బయట ఆయన భార్య నిలబడి ఉన్నారు. "మధ్యాహ్నం నుంచే ఒక్క మాట పూర్తిగా చెప్పలేకపోతున్నారమ్మా. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. రెండుసార్లు వెళ్లి చెప్పాను. బీపీ బాగానే ఉంది, కంగారు పడకండి అన్నారు" అని ఆమె నాతో చెప్పారు. రోజంతా రాసిన చార్టులో లేని నిజం ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఆయన నాలుగో రోజు కన్నుమూశారు.

ఆ రోజు వార్డులో పనిచేసిన నర్సులను నేను నిందించడం లేదు. వార్డులో ఉన్న రోజుల్లో నేను కూడా లెక్కపెట్టకుండా 20 అని రాశాను. ఒకటి రెండుసార్లు కాదు. రాత్రివేళ ఒక్కదాన్నే అంతమందిని చూసుకుంటూ, ఒక్కొక్కరి దగ్గర నిమిషం నిలబడే వీలు లేక, ఆ గడిని మొక్కుబడిగా నింపేదాన్ని. ఎవరూ అడగలేదు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్లు ఆ వరసను చూసి, ఇన్నిసార్లు ఒకే అంకె ఎలా వచ్చిందని ఒక్కసారైనా ప్రశ్నించలేదు. మేము రాయడం, మీరు చదవడం రెండూ అలవాటైపోయాయి.

ఆ గడి ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఈ లేఖ చదివే మామూలు మనుషుల కోసం చెబుతాను. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకినప్పుడు, కణాలకు చాలినంత ప్రాణవాయువు అందనప్పుడు, లాక్టేట్ అనే పదార్థం పేరుకుపోయి రక్తం ఆమ్లం వైపు మొగ్గుతుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి శరీరం ఊపిరితిత్తులను తొందరపెడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటికి తోసేస్తే ఆ ఆమ్లగుణం కొంత తగ్గుతుంది. అదే సమయంలో రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచుకుని, బీపీని పడిపోకుండా నిలబెడతాయి. అందుకే చాలామందిలో ముందు ఊపిరి మారుతుంది, చాలాసేపటి తర్వాత గానీ బీపీ మారదు. బీపీ కూడా పడిపోయిందంటే శరీరం తన దగ్గరున్న ఉపాయాలన్నీ వాడేసుకుందన్నమాట. "బీపీ బాగానే ఉంది" అని ఆమెకు చెప్పిన మాట అబద్ధం కాదు. ఆ మాటను ఆసరా చేసుకుని ఊరుకోవడమే తప్పు.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో 'న్యూస్' అనే హెచ్చరిక స్కోరును రూపొందించింది; మార్కులు పెరిగేకొద్దీ రోగికి ప్రమాదం పెరుగుతోందని అర్థం. 2017లో దాన్ని సవరించింది. శ్వాస, రక్తంలో ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, బీపీ, పల్స్, స్పృహ, ఉష్ణోగ్రత: ఇవే అందులోని అంశాలు. అన్నీ బెడ్డు పక్కన నిలబడి చూడగలిగేవే. శ్వాస 12 నుంచి 20 మధ్య ఉంటే సున్నా, 21 నుంచి 24 అయితే 2, 25 అంతకు పైన అయితే 3 మార్కులు. ఆ పెద్దాయన సాయంత్రం ఆరింటి చార్టును నేను తర్వాత ఆ స్కోరుతో లెక్కవేసి చూశాను. పల్స్ 112కు రెండు, జ్వరానికి ఒకటి, శ్వాస 20కి సున్నా. మొత్తం మూడు. మిగిలినవన్నీ మామూలే. ఎవరినీ పరుగెత్తించే స్కోరు కాదది. భార్య చెప్పిన లక్షణాలను బట్టి అప్పటికే శ్వాస 25 దాటి ఉంటుందని నా నమ్మకం. అదే రాసి ఉంటే మొత్తం ఆరు అయ్యేది. ఐదుకు చేరితే చాలు, డాక్టరు వెంటనే వచ్చి చూడాలని ఆ పద్ధతి చెబుతుంది. ఆయన ప్రాణం కోసం పోరాడడానికి మాకు ఐదు గంటల గడువు ఉండేది. ఆ గడువును ఆ సున్నా మింగేసింది.

ఇక వయసు సంగతి. రౌండ్స్‌లో, ఫోన్లలో, ఒక డ్యూటీ నుంచి ఇంకో డ్యూటీకి అప్పగింతల్లో మనం మొట్టమొదట పలికేది వయసే. "ఎనభై ఒక్క ఏళ్లు, నిమోనియా" అనగానే వినేవాళ్ల ముఖాలు మారిపోవడం నేను చూశాను. ఐసీయూ రోగి జబ్బు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే, 1985లో వచ్చిన అపాచీ-2 స్కోరు గుర్తుచేసుకోండి. ఐసీయూలో చేరిన మొదటి 24 గంటల్లో 12 శారీరక కొలతల్లో అతి చెడ్డవాటిని తీసుకుని, వయసునూ పాత జబ్బులనూ కలిపి లెక్కవేస్తారు. గరిష్ఠం 71. అందులో వయసుకు ఎంత పెద్దవారికైనా దక్కేవి ఆరు మార్కులే. అరవై మార్కులు శరీరం ఆ రోజు ఎలా ఉందన్నదానివి.

ఈ స్కోర్లలో సరిగా ఇమడని ఇంకో సంగతి ఉంది. జబ్బు పడకముందు ఆ మనిషి ఎలా ఉండేవారు? మా దగ్గరికి ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఒకరు ఎనభై ఒక్క ఏళ్ల ఆమె, నిమోనియా ముదిరి వచ్చారు. జ్వరం రాకముందు రోజూ గంటసేపు నడిచేవారు, తన లెక్కలు తానే రాసుకునేవారు. ఇంకొకరు యాభై ఆరేళ్ల మనిషి. చేరిన రోజు ఆయన స్కోరు ఆమె కంటే తక్కువ. అందరూ ఆయన గట్టెక్కుతారనే అనుకున్నాం. మూడో రోజు ఆయన భార్య గాజు తలుపు దగ్గర నాతో మాట్లాడుతూ, "ఆరు నెలలుగా స్నానం నేనే చేయిస్తున్నాను సిస్టర్. పన్నెండు కిలోలు తగ్గారు. పాత చొక్కాలన్నీ వదులైపోయాయి" అన్నారు. కేస్ షీట్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. మూడు రోజులు ఎవరమూ అడగలేదు. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువగా ఉందని రిపోర్టు చెబుతూనే ఉంది, దాన్ని ఆ వదులైన చొక్కాలతో కలిపి చదివినవాళ్లు లేరు. ఆమె పదకొండో రోజు నడిచి వెళ్లారు. ఆయన వెంటిలేటర్ నుంచి బయటపడలేకపోయారు.

ఇద్దరి కథతో సిద్ధాంతం నిలబడదని నాకు తెలుసు. కెనడాలో ఆరు ఆసుపత్రుల ఐసీయూలలో చేరిన, యాభై దాటిన 421 మందిని గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. దాదాపు మూడో వంతు మంది జబ్బుకు ముందే డస్సిపోయి, పనులకు ఇతరుల మీద ఆధారపడే స్థితిలో ఉన్నారు. ఏడాది తిరిగేసరికి వారిలో 48 శాతం మంది చనిపోయారు. అలా లేనివారిలో 25 శాతం. అక్కడ వాడిన కొలబద్ద, కెనడా వైద్యులే 2005లో తయారుచేసిన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు. దానికి రక్తం తీయనక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. రెండు వారాల కిందట ఈ మనిషి ఏం చేయగలిగేవారో ఇంటివాళ్లను అడిగితే చాలు. మెట్లెక్కేవారా? స్నానం ఎవరు చేయించేవారు? ఇల్లు దాటి ఎప్పుడు వెళ్లారు? రెండు నిమిషాల మాట. అయినా మన అడ్మిషన్ ఫారాల్లో బీమా నంబరుకు గడి ఉంటుంది గానీ దీనికి గడి ఉండదు.

మొదటి రోజు వేసిన స్కోరును పట్టుకుని వారం పాటు వేలాడడం ఇంకో అలవాటు. 2001లో వచ్చిన ఒక బెల్జియం అధ్యయనంలో 352 మంది ఐసీయూ రోగులకు, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలిచే సోఫా స్కోరును మళ్లీ మళ్లీ వేశారు. ఊపిరితిత్తులు, ప్లేట్‌లెట్లు, కాలేయం, రక్తప్రసరణ, స్పృహ, మూత్రపిండాలు, ఒక్కొక్కదానికి నాలుగు చొప్పున మొత్తం 24 మార్కులు. మొదటి 96 గంటల్లో స్కోరు పెరిగినవారిలో, అది ఎంత దగ్గర మొదలైనా సరే, కనీసం సగం మంది చనిపోయారు. తగ్గినవారిలో మరణాలు 27 శాతం లోపే. జబ్బు ఎంత ఎత్తున ఉందన్న దానితో పాటు, ఎటు నడుస్తోందన్నది కూడా చూడాలి. పాత నర్సులు స్కోరు వేయకుండానే ఈ మాట అంటుంటారు: "నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి తేటపడ్డాడు" లేదా "మనిషి జారుతున్నాడు". ఆ మాట అన్నప్పుడు దయచేసి ఆగి వినండి. మాటలకు పొంతన పోవడం, రాత్రంతా కలవరించడం, పగలు మత్తుగా ఉండడం కూడా వయసు వల్ల వచ్చే చాదస్తం అని కొట్టిపారేయకండి. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఇలాంటి అయోమయం, అంటే డెలిరియం వచ్చినవాళ్లు ఆరు నెలల్లో చనిపోయే ముప్పు ఎక్కువని 2004లోనే తేలింది.

స్కోర్ల మీద నాకున్న భయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి గుంపుల గురించి చెబుతాయి. ఇలాంటి వంద మందిలో డెబ్బై మంది చనిపోతారని చెప్పే స్కోరుకు, మన ముందున్న మనిషి ఆ డెబ్బైలో ఒకరా, ముప్పైలో ఒకరా అన్నది తెలియదు. ఆ అంకె చూసి చికిత్స తగ్గిస్తే, రోగి చనిపోతే, స్కోరు నిజమైందని మనం రాసుకుంటాం. అలా నిజమైన జోస్యానికి విలువ లేదు. బెడ్డు ఖాళీ చేయించడానికి స్కోరును వాడిన చోట నేను పనిచేశాను. అక్కడ ఎక్కువ కాలం ఉండలేకపోయాను.

ఇంతకంటే నన్ను కలవరపెట్టే ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1989 నుంచి 1994 వరకు అమెరికాలోని ఐదు బోధనాసుపత్రుల్లో 'సపోర్ట్' అనే పెద్ద అధ్యయనం జరిగింది. తీవ్రమైన జబ్బులతో చేరిన 9,105 మంది అందులో ఉన్నారు. ఎవరు 180 రోజులు బతుకుతారో అంచనా వేయడానికి రోగం పేరు, వయసు, అప్పటికే ఆసుపత్రిలో గడిపిన రోజులు, క్యాన్సర్ ఉందా లేదా, స్పృహ, మూడో రోజు తీసుకున్న 11 శారీరక కొలతలు తీసుకున్నారు. అంచనా బాగానే కుదిరింది. దానికి వైద్యుడి సొంత అంచనాను కలిపితే ఇంకా మెరుగైంది. రెండో దశలో ఆ అంచనాలను వైద్యులకు అందించారు, రోగులతోనూ ఇంటివాళ్లతోనూ మాట్లాడడానికి శిక్షణ పొందిన నర్సులను పెట్టారు. ఫలితాలు 1995లో వచ్చాయి. ఏమీ మారలేదు. ఐసీయూలో గడిపిన రోజులు తగ్గలేదు, నొప్పి తగ్గలేదు. మొదటి దశలో, గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దని కోరుకున్న రోగుల ఇష్టం వారి వైద్యుల్లో 47 శాతం మందికే తెలుసు. రెండో దశలోనూ అది మెరుగుపడలేదు. స్పృహలో ఉండి చనిపోయినవారిలో సగం మంది చివరి రోజుల్లో కనీసం సగం సమయం నొప్పితో గడిపారని ఇంటివాళ్లు చెప్పారు.

ఈ అధ్యయనం గురించి నేను మొదటిసారి చదివినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. అంకె సరైనదే. అది ఫైలులోకి చేరింది. అక్కడే ఆగిపోయింది. మా వార్డు చార్టులోని 20 తప్పుడు అంకె, అక్కడిది నిజమైన అంకె. రెండింటి వల్లా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. నా ఆలోచనలో కారణం ఒక్కటే: ఆ అంకె వచ్చాక ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలో ఎవరి మీదా బాధ్యత పెట్టలేదు.

కాబట్టి వైద్యులను నేను కోరేది ఇది. మూడో రోజున స్కోరు మళ్లీ వేయండి. వేసిన రోజునే ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. తలుపు సందులోంచి "కండిషన్ క్రిటికల్" అని చెప్పి వెళ్లిపోకండి. ఆ రెండు ముక్కలు విన్నవాళ్లు తర్వాత నా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. "బతుకుతారా?" అన్నది మొదటిది. కాసేపటికి, గొంతు తగ్గించి, "వచ్చాక తన పని తాను చేసుకోగలరా?" అని అడుగుతారు. మన స్కోర్లు చాలావరకు మొదటిదానికే జవాబు చెబుతాయి. రెండోదానికి జవాబు రెండు వారాల కిందట ఆ మనిషి ఎలా ఉన్నారన్న దాంట్లో చాలావరకు ఉంటుంది. దాన్ని మీరు అడిగి తెలుసుకుని ఉంటేనే చెప్పగలరు. కచ్చితంగా తెలియదని చెప్పండి, పరవాలేదు. "ఇప్పటిదాకా ఇలా నడిచింది, ఇలాంటి వాళ్లు పది మందిలో ఇంతమంది కోలుకుంటారు, ఎల్లుండి మళ్లీ మాట్లాడదాం" అంటే అర్థం చేసుకోలేనివాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఆశ చంపడం ఇష్టం లేక చెప్పలేదని చాలామంది డాక్టర్లు నాతో అన్నారు. వాళ్ల మనసు మంచిదే. కానీ 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మరణానికి దగ్గరైన 468 మంది రోగుల విషయంలో వైద్యుల అంచనాల్లో 63 శాతం ఉన్నదానికంటే ఎక్కువ ఆయుష్షు ఇచ్చినవే. రోగితో పరిచయం పెరిగేకొద్దీ పొరపాటు కూడా పెరిగింది. మన ప్రేమే మన కళ్లకు అడ్డు వస్తోంది. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది మాత్రం, చివరి వారం ఎలా గడపాలో ఎంచుకునే అవకాశం పోగొట్టుకున్న రోగి.

నిర్వాహకులకు ఇంకో మాట. రోగి బతుకుతారా లేదా అన్నదాన్ని ముందే చెప్పే అంశాల్లో ఏ స్కోరులోనూ రాయనిది ఒకటి మీ చేతిలో ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స జరిగినవారిని పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒక్కొక్కటి పెరిగినకొద్దీ, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. కొత్త మిషను కొనడానికి మీరు చర్చలు జరుపుతారు, ప్రారంభోత్సవం చేస్తారు. రాత్రి డ్యూటీలో ఇంకొక నర్సును వేయమంటే బడ్జెట్ లేదంటారు. ముప్పై మంది రోగులున్న వార్డులో ఇద్దరు నర్సులుంటే, ప్రతి నాలుగు గంటలకూ ఇద్దరి సమయంలో కలిపి ముప్పై నిమిషాలు ఊపిరి లెక్కపెట్టడానికే పోతాయి. ఆ ముప్పై నిమిషాలు మాకు ఇవ్వకుండా నిజమైన అంకె రాయమని అడిగే హక్కు మీకు లేదు.

న్యూస్ స్కోరు ఐదుకు చేరితే నర్సు నేరుగా డాక్టరును పిలిచే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. అర్ధరాత్రి పిలిచినందుకు ఎవరూ విసుక్కోరని హామీ ఇవ్వండి. ఇంటివాళ్లు వచ్చి "ఊపిరి ఆడడం లేదంటున్నారు" అని చెబితే, ఆ మాటను సమయంతో సహా చార్టులో రాయాలని నియమం పెట్టండి. ఆ పెద్దాయన భార్య రెండుసార్లు వెళ్లి చెప్పారు. ఆ రెండు రాకపోకలకు మన కాగితాల్లో ఆనవాలు లేదు.

చివరగా ఒక పని. రేపు ఉదయం మీ ఆసుపత్రిలో ఏదో ఒక వార్డు నుంచి పోయిన వారం చార్టులు యాభై తెప్పించండి. శ్వాస అని రాసిన గడి మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి చదవండి. 20 కాకుండా ఇంకేవైనా అంకెలు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఆ వార్డులోకే వెళ్లి, ఎవరి బెడ్డు పక్కనైనా నిలబడి, వాచీ చూసుకుంటూ ఒక నిమిషం లెక్కపెట్టండి. మీరు లెక్కపెట్టిన అంకెను ఆ చార్టులో మీ చేత్తోనే రాయండి.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు